ఆఫీసు మెయిల్ ఎక్కడ ఆగుతోంది: బొమ్మ గీసి కనుక్కునే పద్ధతి

ఇన్‌బాక్స్‌లో ఎన్ని మెయిళ్ళు ఉన్నాయన్నది అందరూ మొదట లెక్కపెట్టే అంకె. దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఏ రకం మెయిల్ ఎవరి దగ్గర ఎంతసేపు ఆగింది, ప్రతిసారీ అక్కడే ఆగుతోందా అన్నది తెలిస్తేనే ఆఫీసులో ఏదైనా మార్చగలం. ఈ మార్గదర్శి అంతా బొమ్మలు, అంటే చార్టులు, గీసి ఆ ఆగే చోటును పట్టుకోవడం గురించే.

ఉదాహరణగా ఒకే ఆఫీసును చివరిదాకా తీసుకుందాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ, దాని ఆఫీసు హన్మకొండలో, పన్నెండు మంది సిబ్బంది అనుకుందాం. రైతులు, అడ్తిదారులు ఫోన్‌లోనే మాట్లాడతారు. మెయిల్‌లో వచ్చేవి బ్యాంకు, బీమా, ట్రాన్స్‌పోర్టు, బయటి రాష్ట్రాల కొనుగోలుదారుల సంగతులు. పని వేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 6, ఆదివారం సెలవు. ఇందులో వచ్చే మెయిల్ లెక్కలు పద్ధతి చూపడానికి వేసుకున్నవి. మీ ఆఫీసువి వేరుగా ఉంటాయి.

ముందు ప్రశ్న, తర్వాత అనుమతి

డేటా దించకముందే ఒక కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న రాయండి. "కొనుగోలుదారు స్టాక్ అడిగితే జవాబు వెళ్ళడానికి ఎంతసేపు పడుతోంది?" అన్నది మంచి ప్రశ్న. "మన మెయిల్ ఎలా ఉంది?" అన్నది ప్రశ్నే కాదు, దానికి ఎన్ని బొమ్మలు గీసినా జవాబు రాదు.

అనుమతి విషయంలో తొందరపడొద్దు. మెయిల్ కంపెనీదే అయినా అందులో మనుషుల వివరాలు ఉంటాయి. మన దేశంలో 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా వచ్చింది. ఏం తీస్తున్నారో, ఎందుకో, ఎన్నాళ్ళు ఉంచుతారో సిబ్బంది అందరికీ ముందే రాసి చెప్పండి. మెయిల్ లోపలి మాటలు లెక్కల షీట్‌లోకి అసలు తీయకండి. పంపినవారు, అందుకున్నవారు, తేదీ, సబ్జెక్టు, మెయిల్ గుర్తింపు సంఖ్య, అది ఏ మెయిల్‌కు జవాబో చెప్పే సంఖ్య చాలు. ఇక్కడ చెప్పే బొమ్మలన్నీ వాటితోనే వస్తాయి.

సొంత మెయిల్ మీద చేయి పెట్టేముందు సాధన కావాలంటే ఎన్రాన్ మెయిళ్ళు ఉన్నాయి. 2001లో దివాలా తీసిన ఆ అమెరికా కంపెనీ మీద జరిగిన విచారణలో భాగంగా ఇవి 2003లో బహిరంగమయ్యాయి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ అందుబాటులో ఉంచిన ప్రతిలో దాదాపు 150 మందివి, దాదాపు 5 లక్షల మెయిళ్ళు ఉన్నాయి.

మెయిల్‌ను బయటికి తీయడం

జీమెయిల్ అయితే గూగుల్ టేకౌట్‌కు (మన గూగుల్ డేటాను దించుకునే పేజీ) వెళ్ళి ముందు అన్నిటికీ టిక్ తీసేయండి, తర్వాత మెయిల్ ఒక్కదానికే పెట్టండి. అక్కడే లేబుల్ ఎంచుకునే వీలుంది. అన్నీ దించకుండా మీ ప్రశ్నకు సంబంధించిన లేబుళ్ళు, వాటితోపాటు సెంట్ మెయిల్ తీసుకోండి. సెంట్ మరిచిపోవడం అందరూ చేసే పొరపాటు. అది లేకపోతే మీ వాళ్ళు ఇచ్చిన జవాబులు ఒక్కటీ కనపడవు, ఆఫీసంతా నిద్రపోతున్నట్టు బొమ్మ వస్తుంది. ఫైలు ఎంబాక్స్ రూపంలో, అంటే మెయిళ్ళన్నీ ఒకే ఫైలులో, వస్తుంది. డౌన్‌లోడ్ లింకు ఏడు రోజుల వరకే పనిచేస్తుంది. కంపెనీ అకౌంట్లలో టేకౌట్‌ను అడ్మిన్ ఆపేసి ఉండొచ్చు. అప్పుడు అడ్మిన్‌ను అడగాలి, పక్కదారి వెతకొద్దు.

అవుట్‌లుక్ పాత డెస్క్‌టాప్ వెర్షన్‌లో ఒక చిక్కుంది. ఎక్స్‌పోర్ట్‌లో సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) ఎంచుకుంటే సబ్జెక్టు, పేర్లు, అడ్రసులు వస్తాయి గానీ వచ్చిన తేదీ, సమయం రావు. తేదీ లేని మెయిల్ మన పనికి పనికిరాదు. దీనికి సులువైన దారి: ఫోల్డర్ వ్యూలో రిసీవ్డ్ కాలమ్ కనపడేలా పెట్టి, అన్ని మెయిళ్ళూ సెలెక్ట్ చేసి, కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేయండి. కనపడే కాలమ్‌లన్నీ వచ్చేస్తాయి.

ప్రోగ్రామింగ్ రానివారు ఎంబాక్స్ ఫైలును థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకుని, ఇంపోర్ట్‌ఎక్స్‌పోర్ట్‌టూల్స్ ఎన్‌జీ అనే యాడ్-ఆన్‌తో ఫోల్డర్ సూచికను సీఎస్‌వీగా తీయొచ్చు. మొదటి బొమ్మకు అది చాలు. జవాబు కాలం కొలవాలంటే మాత్రం మెసేజ్-ఐడీ, ఇన్-రిప్లై-టు అనే రెండు హెడర్లు (మెయిల్‌తోపాటు దాగి వచ్చే వివరాలు) కావాలి. ఏ మెయిల్‌కు ఏది జవాబో ముడివేసేవి అవే. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మెయిల్‌బాక్స్ అనే మాడ్యూల్ దానితోపాటే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఇరవై లైన్ల కోడ్‌తో ఒక్కో మెయిల్‌కు ఒక్కో వరుస రాయించుకోవచ్చు.

శుభ్రం చేయడం: సగం పని ఇక్కడే

మొదటిది సమయం. మెయిల్ హెడర్‌లో తేదీ పక్కన అది ఏ టైమ్ జోన్‌దో ఉంటుంది. మన సమయానికి ప్లస్ 0530 అని, గ్రీనిచ్ సమయంలో రాసినదానికి ప్లస్ 0000 అని. మన ఆఫీసులో 10:15కి వచ్చిన మెయిల్ గ్రీనిచ్ లెక్కలో 4:45. రెండు రకాలూ ఒకే కాలమ్‌లో కలిసిపోతే తెల్లవారుజామున ఎవరో కూర్చుని పని చేసినట్టు ఉంటుంది. బొమ్మలో ఉదయం 4, 5 గంటల దగ్గర ముదురు పట్టీ కనపడి, మధ్యాహ్నం 12:30కి హఠాత్తుగా ఆగిపోతే సమయం మార్చలేదని అర్థం. ఎక్సెల్‌లో ఆ వరుసలకు మాత్రమే 5 గంటల 30 నిమిషాలు కలపండి. ఆ అరగంటను వదిలేసి 5 గానీ 6 గానీ కలిపితే గంటల పట్టికలో సగం మెయిళ్ళు పక్క గడిలో పడతాయి.

రెండోది సబ్జెక్టు. తెలుగులో రాసిన సబ్జెక్టు హెడర్‌లో తెలుగుగా ఉండదు. సమాన గుర్తు, ప్రశ్నార్థకం, యూటీఎఫ్-8 అన్న మాట, ఆ తర్వాత అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల గొలుసు కనపడుతుంది. అది పాడైన మెయిల్ కాదు, తెలుగు అక్షరాలను అలా చుట్టి పంపుతారు. పైథాన్‌లో డీకోడ్ హెడర్ ఫంక్షన్ దాన్ని విప్పుతుంది. విప్పాక సీఎస్‌వీని డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరిస్తే మళ్ళీ పిచ్చి గుర్తులు రావొచ్చు. డేటా మెనూలోంచి టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తెచ్చి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 (యూటీఎఫ్-8) ఎంచుకోండి.

మూడోది ఒకే మెయిల్ రెండుసార్లు పడటం. ముగ్గురి ఇన్‌బాక్స్‌లు కలిపితే ముగ్గురికీ వెళ్ళిన మెయిల్ మూడు వరుసలవుతుంది. మెసేజ్-ఐడీ ఒకటే ఉన్న వరుసల్లో ఒక్కటే ఉంచండి. సబ్జెక్టు చూసి తీసేయొద్దు. "స్టాక్ స్టేట్‌మెంట్" అన్న సబ్జెక్టుతో వారం వారం వేర్వేరు మెయిళ్ళు వస్తాయి.

నాలుగోది ఒకే మనిషికి రెండు మూడు అడ్రసులు. ఒక విడి షీట్‌లో ఎడమవైపు అడ్రసు, కుడివైపు మీరు పెట్టిన గుర్తు రాసుకోండి: అకౌంట్స్-1, అకౌంట్స్-2, గోదాము-1 ఇలా. అన్ని బొమ్మల్లోనూ ఈ గుర్తులే వాడండి. అందరూ వాడే ఇన్ఫో లాంటి ఉమ్మడి అడ్రసుకు విడి గుర్తు పెట్టండి, దాన్ని మనిషిగా లెక్కిస్తే అబద్ధం వస్తుంది.

మిగిలింది యంత్రాలు పంపే మెయిల్. ఓటీపీలు, బ్యాంకు అలర్టులు, స్కానర్ పంపే పీడీఎఫ్‌లు, డెలివరీ ఫెయిల్యూర్ నోటీసులు. వీటిని తీసేయకండి, "యంత్రం" అని ఒక కాలమ్‌లో గుర్తు పెట్టండి. కావాలంటే చేర్చుకోవచ్చు, వద్దంటే దాచొచ్చు. వీటన్నిటికీ ఒక నోట్ ఫైలు ఉంచండి. ఏ అడ్రసును యంత్రం అన్నారు, ఎన్ని వరుసలు తీసేశారు, ఏ తేదీన అన్నీ రాయండి. రెండు నెలల తర్వాత అంకె ఎందుకు మారిందని ఎవరైనా అడిగితే ఆ నోట్ ఒక్కటే ఆధారం.

మొదటి బొమ్మ: వారం, గంటల పట్టిక

ఇది సులువు, అరగంట పని. తేదీ కాలమ్ పక్కన వీక్‌డే ఫంక్షన్‌తో ఏ వారమో (సోమ, మంగళ ఇలా), అవర్ ఫంక్షన్‌తో గంట తీయండి. వీక్‌డేకు రెండో విలువగా 2 ఇస్తే సోమవారం 1 అవుతుంది, ఆదివారం 7. పివట్ టేబుల్‌లో (వరుసలను లెక్కపెట్టి పట్టికగా ఇచ్చే ఎక్సెల్ సదుపాయం) ఏడు వారాలు నిలువుగా, 24 గంటలు అడ్డంగా పెడితే 168 గడులు. కండిషనల్ ఫార్మాటింగ్‌లో కలర్ స్కేల్ వేయండి. ఒకే రంగులో లేత నుంచి ముదురుకు వెళ్ళే స్కేల్ మంచిది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్ళుంటారు. పైగా మన ఆఫీసుల్లో బొమ్మ చివరికి బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్‌లోనే చేతులు మారుతుంది. ఒకే రంగు అయితే జిరాక్స్‌లోనూ చదవొచ్చు.

రెండు పట్టికలు విడిగా వేయండి: వచ్చినవి ఒకటి, వెళ్ళినవి ఒకటి. కలిపి వేస్తే ఏమీ తెలియదు. వచ్చినవి సోమవారం 10, 11 గంటల దగ్గర ముదురుగా, వెళ్ళినవి సాయంత్రం 5 దగ్గర ముదురుగా ఉంటే జవాబులన్నీ రోజు చివర కుప్పగా రాస్తున్నారని అర్థం. ఇది కనపడగానే సిబ్బందిని తప్పుపట్టకండి. పొద్దున గోదాములో తూకం, లోడింగ్ చూసే మనిషే మెయిల్ కూడా చూస్తుంటే అలాగే వస్తుంది.

మడికొండ ఐటీ పార్కులో అమెరికా వాళ్ళతో పనిచేసే టీమ్ ఈ పట్టిక వేస్తే ఇంకొక్కటి చూసుకోవాలి. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలు మనకు వాళ్ళ వేసవి సమయంలో సాయంత్రం 6:30, శీతాకాలంలో 7:30. మార్చిలో, నవంబర్‌లో వాళ్ళు గడియారం మారుస్తారు, మనం మార్చం. ఏడాది మొత్తాన్ని ఒకే పట్టికలో వేస్తే సాయంత్రం పట్టీ రెండు గంటలకు సాగిపోతుంది. అలాంటి టీమ్‌లు పట్టికను ఆ రెండు కాలాలుగా విడదీయాలి.

రెండో బొమ్మ: జవాబుకు పట్టిన కాలం

అసలు సంగతి ఇక్కడుంది, తప్పులు కూడా ఎక్కువ ఇక్కడే.

జవాబు వరుసలోని ఇన్-రిప్లై-టు విలువను అసలు మెయిల్ మెసేజ్-ఐడీతో జతచేయండి. ఎక్సెల్‌లో ఎక్స్‌లుకప్ చాలు. ఒక మెయిల్‌కు మూడు జవాబులుంటే మొదటిదే తీసుకోండి. రెండు సమయాల తేడా వస్తుంది. కానీ ఆ తేడాను అలాగే వాడొద్దు. శనివారం సాయంత్రం 5:40కి వచ్చిన మెయిల్‌కు సోమవారం 10:15కి జవాబిస్తే గడియారం లెక్కలో 40 గంటల 35 నిమిషాలు. ఆఫీసు లెక్కలో శనివారం 20 నిమిషాలు, సోమవారం 15 నిమిషాలు, మొత్తం 35 నిమిషాలే. జవాబిచ్చిన మనిషి చురుగ్గా పనిచేశాడు. మొదటి అంకె మాత్రం అతన్ని బద్ధకస్తుడిగా చూపిస్తుంది.

పని గంటలు లెక్కించడానికి ఎక్సెల్‌లో నెట్‌వర్క్‌డేస్ డాట్ ఐఎన్‌టీఎల్ ఫంక్షన్ ఉంది. మొదటి రెండు విలువలు వచ్చిన తేదీ, జవాబు తేదీ. మూడోది 11, అంటే ఆదివారం ఒక్కటే సెలవు. నాలుగోది సెలవుల జాబితా. ఫంక్షన్ ఇచ్చిన రోజుల సంఖ్యలోంచి 1 తీసి, 8 గంటలతో గుణించండి. దానికి జవాబిచ్చిన గడియారపు సమయం కలిపి, మెయిల్ వచ్చిన గడియారపు సమయం తీసేయండి. ఈ రెండు సమయాలనూ ముందు 10కి, 6కి మధ్య ఉండేలా బిగించాలి. పొద్దున 8కి వచ్చింది 10కి వచ్చినట్టు, రాత్రి 9కి వచ్చింది సాయంత్రం 6కి వచ్చినట్టు. పైన చెప్పిన శనివారం మెయిల్‌కు వేసి చూడండి: రెండు పని రోజులు, ఒకటి తీస్తే ఒకటి, 8 గంటలు. దానికి 10:15 కలిపి 17:40 తీస్తే 35 నిమిషాలు. సరిపోయింది.

ఆదివారం వచ్చిన మెయిల్ దగ్గర మాత్రం ఇది బోల్తా పడి మైనస్ అంకె ఇస్తుంది. ఆదివారం మధ్యాహ్నం 2కి వచ్చి సోమవారం 10:15కి జవాబు వెళ్తే మైనస్ 3 గంటల 45 నిమిషాలు అంటుంది. అందుకే ఆదివారం, సెలవు రోజు పడ్డ సమయాలను ముందుగా తర్వాతి పని రోజు 10 గంటలకు జరపండి. దానికి వర్క్‌డే డాట్ ఐఎన్‌టీఎల్ ఫంక్షన్ పనికొస్తుంది. రెండు కాలమ్‌లకూ చేయాలి, సెలవు రోజున ఇంట్లోంచి జవాబిచ్చేవాళ్ళూ ఉంటారు. ఇంత చేసినా మైనస్ మిగిలితే ఎవరిదో కంప్యూటర్ గడియారం తప్పుగా ఉంది. ఆ మెయిల్‌లో అన్నిటికంటే పైనున్న రిసీవ్డ్ హెడర్‌లోని సమయం వాడుకోండి, అది మన సర్వర్ వేసినది.

ఇప్పుడు సగటు తీయాలని చేతులు ఉబలాటపడతాయి. తీయకండి. ఏడు జవాబులు 10, 12, 15, 20, 25, 40 నిమిషాలు, ఒకటి మాత్రం మూడు పని రోజులు అంటే 1,440 నిమిషాలు అనుకోండి. సగటు 223 నిమిషాలు. ఏడింటిలో ఒక్కటి కూడా ఆ దరిదాపుల్లో లేదు. మీడియన్, అంటే వరుసలో పెడితే నడిమి అంకె, 20 నిమిషాలు, అది మామూలు రోజు సంగతి చెబుతుంది. ఆ ఒక్క 1,440ని విడిగా చూడాలి, దాచకూడదు. బార్ చార్టుకు సమాన అంతరాలు పెట్టకుండా గంటలోపు, 4 గంటలలోపు, ఒక పని రోజులోపు, 3 రోజుల్లోపు, రెండు వారాల్లోపు, జవాబు లేదు అని ఆరు డబ్బాలు చేయండి.

ఆఖరి డబ్బాను చాలామంది వదిలేస్తారు. అది పెద్ద మోసం. వచ్చిన 100 మెయిళ్ళలో మొదటి రోజు చివరికి 58 జవాబు లేకుండా మిగిలాయి, రెండో రోజుకు 31, మూడో రోజుకు 29, ఏడో రోజుకు 27, పద్నాలుగో రోజుకు 26 అనుకుందాం. జవాబు వెళ్ళిన 74 మాత్రమే తీసుకుంటే మీడియన్ జవాబు మొదటి రోజే వెళ్ళినట్టు ఉంటుంది. మొత్తం 100కు లెక్కిస్తే రెండో రోజుకు జరుగుతుంది. అందుకని అడ్డంగా రోజులు, నిలువుగా ఇంకా మిగిలిన మెయిళ్ళ శాతం పెట్టి మెట్ల గీత గీయండి. ఎక్స్‌పోర్ట్ చేసిన రోజుకు 14 రోజుల కంటే కొత్త మెయిళ్ళను ఈ గీతలోంచి తీసేయండి, వాటికి ఇంకా సమయమే దక్కలేదు.

పై అంకెలకు గీత వేస్తే రెండో రోజు దాకా నిట్టనిలువుగా దిగి, తర్వాత చదునైపోతుంది. రెండు రోజుల్లో జవాబు వెళ్ళకపోతే ఇక దాదాపు వెళ్ళదన్నమాట. ఏం చేయాలో గీతే చెబుతోంది: మూడో రోజు పొద్దున మిగిలినవాటి జాబితా ఒకరి ముందుంచాలి. వారానికోసారి రివ్యూ పెడితే ఆలస్యం అయిపోయినట్టే.

అయితే ఆ 26 నిజంగా జవాబులేనివేనా? మన దగ్గర మెయిల్‌కు జవాబు వాట్సాప్‌లోనో ఫోన్‌లోనో వెళ్ళడం మామూలే. తేజ రకం మిర్చి ఎన్ని టిక్కీలు (బస్తాలు) ఉన్నాయని మెయిల్‌లో అడిగితే, ఇక్కడివాళ్ళు ఫోన్ తీసి చెప్పేస్తారు. మెయిల్ అలాగే ఉండిపోతుంది. జవాబులేనివాటిలోంచి గుడ్డిగా ఇరవై ఎంచి, సంబంధించిన మనిషిని ఒక్కోదాని గురించి అడగండి. ఇరవైలో పదమూడు ఫోన్‌లో తేలిపోయాయంటే గీత కింద ఆ మాట రాసి చూపాలి. ఈ ఒక్క పని చేయకుండా ఎవరి ముందూ ఈ బొమ్మ పెట్టొద్దు.

మూడో బొమ్మ: ఎవరి నుంచి ఎవరికి

చుక్కలు, గీతల నెట్‌వర్క్ బొమ్మ చూడ్డానికి బాగుంటుంది. పన్నెండు మందికి మాత్రం పట్టికే మేలు. నిలువుగా పంపినవారు, అడ్డంగా అందుకున్నవారు, 12 వరుసలు, 12 కాలమ్‌లు. తమకు తాము పంపుకునే గడులు తీసేస్తే 132 మిగులుతాయి. ఒక అడ్డ వరుస మొత్తం ఖాళీగా ఉండి, అదే మనిషి నిలువు కాలమ్ ముదురుగా ఉంటే, ఆ మనిషికి అన్నీ వెళ్తున్నాయి, ఆ మనిషి నుంచి ఏదీ రావట్లేదు. నెట్‌వర్క్ బొమ్మలో ఇది కళ్ళు చించుకుని చూసినా దొరకదు.

ముప్పై మంది దాటితే గెఫీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. సీఎస్‌వీలో సోర్స్, టార్గెట్, వెయిట్ అని ఇంగ్లిష్‌లో మూడు కాలమ్‌ల పేర్లు ఉండాలి, గ్రాఫ్‌ను డైరెక్టెడ్‌గా తెరవాలి. లేఅవుట్‌లో ఫోర్స్‌అట్లాస్ 2 నడిపి, ప్రివెంట్ ఓవర్‌ల్యాప్‌కు టిక్ పెట్టండి. చుక్క పైనుందా కిందుందా, ఎడమనుందా కుడినుందా అన్నదానికి అర్థమేమీ లేదు. రెండోసారి నడిపితే తిరగబడి రావొచ్చు.

పట్టికైనా గెఫీ అయినా వెయిట్ లెక్కలో జాగ్రత్త. ఒక సర్క్యులర్ 9 మందికి వెళ్తే 9 గీతలు పుడతాయి. సర్క్యులర్లు పంపే మనిషి ఆఫీసుకే కేంద్రమైపోతాడు. ఒక్కో గీతకు తొమ్మిదో వంతు బరువే ఇవ్వండి. సీసీలో ఉన్నవాళ్ళను విడి కాలమ్‌లో ఉంచి మొదటిసారి వదిలేయండి.

సబ్జెక్టు, సీజన్

సబ్జెక్టుల్లోంచి పది పదిహేను మాటలు ఎంచి గుంపులు చేయండి: ఇన్‌వాయిస్, లోన్, బీమా, లోడింగ్, రకం పేరు. తేజ, వండర్‌హాట్, 341, చపాట అని రకాలు రాసే అలవాటుంటే రకం వారీగా జవాబు కాలం కూడా వస్తుంది. ఒకే మాటను నాలుగు విధాలుగా రాస్తారు, స్పెల్లింగులన్నీ ఒకే గుంపులోకి తేవాలి. జిల్లా పేర్ల దగ్గర ఇంకా మెలకువ కావాలి. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. అంతకుముందు సబ్జెక్టులో అర్బన్ అని ఉన్నది చాలావరకు ఇప్పటి హన్మకొండ, కానీ కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి కాబట్టి ఊరు చూసి కలపాలి. మాటను బట్టి వరంగల్‌తో కలిపేస్తే గుంపు తప్పుతుంది.

నెలవారీ గీత గీసేటప్పుడు కొత్త మిర్చి యార్డుకు వచ్చే నెలలను లేత రంగు పట్టీతో చూపండి. మార్చిలో మెయిల్ పెరిగితే అది సీజన్, సమస్య కాదు. పోయిన మార్చితో పోల్చాలి, పోయిన నెలతో కాదు. ఆ పోలికలోనూ ఇక్కడ ఒక మెలిక ఉంది. మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది, 2025లో మహాజాతర లేదు. ఆ రెండు ఫిబ్రవరులను పక్కపక్కన పెట్టి "ఈసారి మెయిల్ పెరిగింది" అంటే పొరపాటు. జాతర రోజులు, దసరా, ఉగాది, జూన్ 2 అన్నీ సెలవుల జాబితాలో ఏడాదివారీగా ఉండాలి. జవాబు కాలం లెక్కకు ఇచ్చేదీ ఇదే జాబితా.

చూపించడం, మళ్ళీ కొలవడం

మీటింగ్‌కు ఒక్క బొమ్మే తీసుకెళ్ళండి, మొదట రాసుకున్న ప్రశ్నకు జవాబిచ్చేది. దాని పైన "ఫిబ్రవరి మెయిల్ విశ్లేషణ" అని రాయకుండా "రెండు రోజులు దాటిన స్టాక్ మెయిళ్ళకు జవాబు వెళ్ళట్లేదు" అని తేలిన సంగతే రాయండి. కింద ఎన్ని మెయిళ్ళు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏవి తీసేశారు అన్నది చిన్న అక్షరాల్లో ఉండాలి. మనిషి వారీ బొమ్మ అవసరమైతే దాన్ని మీటింగ్‌లో పెట్టకండి, ముందు ఆ మనిషికే విడిగా చూపించండి. గోదాము-1 అని రాసినా పన్నెండు మందిలో ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

ఒక మార్పు చేశాక, అంటే మూడో రోజు జాబితా మొదలుపెట్టాక, ఎనిమిది వారాలు ఆగండి. మొదటి ఆరు వారాల్లో వచ్చిన మెయిళ్ళకు మాత్రమే 14 రోజుల గడువు పూర్తవుతుంది. అదే లేబుల్, అదే నోట్ ఫైలులోని నియమాలు, అదే సెలవుల జాబితాతో మళ్ళీ తీసి, పాత మెట్ల గీతను బూడిద రంగులో, కొత్తదాన్ని ముదురు రంగులో ఒకే చార్టు మీద వేయండి. పని అయ్యాక అసలు ఎంబాక్స్ ఫైలును డెస్క్‌టాప్ నుంచి, పెన్‌డ్రైవ్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి తీసేయండి. గుర్తులతో ఉన్న లెక్కల షీట్, నోట్ ఫైలు ఉంచుకోండి. ఏ గుర్తు ఎవరిదో చెప్పే షీట్‌కు పాస్‌వర్డ్ పెట్టి, అనుమతి అడిగినప్పుడు చెప్పిన గడువు నాటికి దాన్నీ తీసేయండి.